బ్లూ మూన్ అంటే ఎన్నేళ్లకోసారి?

పోయిన సంచికలో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ (ఎప్పుడో గానీ జరగదు అని) గురించి ఒక్క ముక్క రాసి వదిలేశాం, అంతే, సిటీ నలుమూలల నుంచి ఉత్తరాలు, మెయిల్స్, వాట్సాప్ మెసేజ్‌లు. చాలామంది రాసింది ఒకటే, అర్థం తెలుసు గానీ ఎక్కడ వాడొచ్చో ఎక్కడ వాడకూడదో తెలీట్లేదు అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఈ ఒక్క జాతీయానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మా క్లయింట్ వాళ్లు లండన్‌లో ఉంటారు. మొన్న కాల్‌లో రాత్రిపూట దానంతటదే నడిచే ఒక బ్యాచ్ జాబ్ (కంప్యూటర్ ప్రోగ్రాం) గురించి అడిగితే, ‘ఓహ్, ఇట్ ఫెయిల్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అన్నాడాయన. ఇంటికొచ్చి మా బాబుని అడిగితే బ్లూ మూన్ రెండున్నరేళ్లకోసారి వస్తది మమ్మీ అన్నాడు, స్కూల్లో చెప్పిన్రంట. అంటే ఆ జాబ్ రెండున్నరేళ్లకోసారి పోతదనా? డాక్యుమెంట్‌లో ఏం రాయాలి నేను?
– ఒక టెస్ట్ ఇంజనీర్, కూకట్‌పల్లి

జవాబు: మీ బాబు చెప్పిన లెక్క కరెక్టేనమ్మా, కాకపోతే అది ఆకాశంలో చంద్రుడి లెక్క, ఒకే నెలలో రెండో పౌర్ణమి పడటం గురించి, మీ క్లయింట్ మాటకి దాంతో పనిలేదు. ఆయన చెప్పదలుచుకుంది ‘చాలా అరుదుగా పోతుంది, పెద్దగా కంగారు పడక్కర్లేదు’ అని, అంతే. ఎన్ని నెలలకి, ఎన్నేళ్లకి అన్న సంగతి ఆ మాటలో లేనేలేదు. ఒకే మనిషి ‘ఐ ఈట్ స్వీట్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే రెండు నెలలకోసారి అయ్యుండొచ్చు, అదే మనిషి ‘ఇట్ స్నోస్ హియర్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే పదేళ్లకోసారి అయ్యుండొచ్చు, రెండూ తప్పు కాదు, ఎందుకంటే ఆ పని మామూలుగా ఎంత తరచుగా జరుగుతుందని వినేవాళ్లు అనుకుంటారో దానికంటే బాగా తక్కువ అని మాత్రమే ఈ మాట చెప్తుంది.

వరస చూసినా మాటే ముందు పుట్టింది, రెండున్నరేళ్ల లెక్క చాలా తర్వాత వచ్చి దానికి అతుక్కుంది. 1528లో చర్చి పెద్దల్ని దుమ్మెత్తిపోస్తూ ఇంగ్లీషులో అచ్చయిన ఒక పద్యంలో, చంద్రుడు నీలంగా ఉన్నాడని వాళ్లంటే మనం నిజమేనని నమ్మాలట అనే అర్థం వచ్చేలా రెండు పాదాలున్నాయి. అంటే అప్పట్లో నీలి చంద్రుడంటే ఉండని వస్తువు, మనం కుందేటి కొమ్ము అంటామే అలాంటిది. ఆ ‘ఎప్పటికీ జరగదు’ అన్న అర్థమే పోనుపోను మెత్తబడి ‘ఎప్పుడో గానీ జరగదు’ దాకా వచ్చింది, 1821 నాటికే లండన్ వాడుకలో నిన్ను చూసి ఎన్నాళ్లయిందో అనడానికి బ్లూ మూన్ మాట వాడారు. ఒకే నెలలో వచ్చే రెండో పౌర్ణమిని బ్లూ మూన్ అనడం 1946లో గానీ మొదలవ్వలేదు. కాబట్టి 1821 నాటి మనిషి మనసులో రెండున్నరేళ్లు ఉండే అవకాశమే లేదు.

ఇక మీ డాక్యుమెంట్. ఇది నిజంగా ముఖ్యం, ఎందుకంటే రేపు ఆ జాబ్ రాత్రి రెండింటికి పడిపోతే నిద్ర లేచేది ఆన్-కాల్‌లో ఉన్న మీ టీమ్ పిల్లలే. ‘ఇష్యూ అకర్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని టికెట్‌లో, అంటే సమస్యని నమోదు చేసే చోట, రాస్తే చదివినవాళ్లు దాన్ని లో ప్రయారిటీలో పడేస్తారు. అది నెలకోసారి పోతోందేమో, పోయిన ప్రతిసారీ పేమెంట్లు ఆగిపోతున్నాయేమో, ఆ సంగతి ఎవరికీ కనపడదు. క్లయింట్‌ని మళ్లీ అడగండి, అడగడంలో తప్పేం లేదు, ‘కుడ్ యూ టెల్ మి రఫ్లీ హౌ మెనీ టైమ్స్ ఇట్ ఫెయిల్డ్ ఇన్ ది లాస్ట్ సిక్స్ మంత్స్?’ అంటే చాలు, మర్యాదగానే ఉంటుంది. ఆయన రెండుసార్లు అన్నాడనుకోండి, ‘ది జాబ్ ఫెయిల్డ్ ట్వైస్ బిట్వీన్ జాన్యువరీ అండ్ జూన్, బోత్ టైమ్స్ ఆన్ మంత్-ఎండ్’ అని రాసేయండి. చూడండి, ఈ ఒక్క లైన్‌తో మంత్-ఎండ్ లోడ్ మీద అనుమానం కూడా బయటికొచ్చింది. కాల్‌లో సరదాగా మాట్లాడుకునేటప్పుడు బ్లూ మూన్ హాయిగా వాడుకోవచ్చు, ఇంకొకళ్లు చదివి దేన్నైనా డిసైడ్ చేసే కాగితం మీద మాత్రం అంకె వెయ్యాలి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, పంచాంగం చూడటం అలవాటు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో బ్లూ మూన్ అని పేపర్లో రాశారు. 2020లో కూడా అధిక ఆశ్వయుజం వచ్చిన ఏడాదే అక్టోబర్‌లో బ్లూ మూన్ అన్నారు. అధిక మాసమూ బ్లూ మూనూ ఒకటేనా?
– మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న చదవగానే చాలా సంతోషమేసింది, ఎందుకంటే రెంటికీ మూలం ఒకటే. లెక్కపెట్టే పద్ధతులే వేరు.

పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29.53 రోజులు. అలాంటివి పన్నెండు కలిపితే 354 రోజులు, సూర్యుడి ఏడాదికంటే దాదాపు 11 రోజులు తక్కువ. ఈ 11 రోజుల తేడా ఏటా పేరుకుంటూ పోతుంది కదా, రెండున్నరేళ్లు దాటి మూడేళ్లు నిండేలోపు ఒక నెల అవుతుంది. మనవాళ్లు ఆ నెలని అలాగే తీసి క్యాలెండర్లో పెట్టేశారు, ఏ చాంద్రమాసంలో సూర్యుడు కొత్త రాశిలోకి అడుగుపెట్టడో, అంటే సంక్రమణం ఉండదో, అదే అధిక మాసం. దానికి పేరుంది, నియమాలున్నాయి, పెళ్లిళ్లు చెయ్యకపోవడాలున్నాయి. ఇంగ్లీషు క్యాలెండర్ ఆ పని చెయ్యలేదు, దాని నెలలకి చంద్రుడితో లింకు ఎప్పుడో తెగిపోయింది, 30 రోజులు 31 రోజులు అని గీతలు గీసుకుని కూర్చుంది. కానీ చంద్రుడు ఊరుకోడుగా, నెలలో ఒకటో తారీఖునో రెండో తారీఖునో పౌర్ణమి పడితే ఆఖర్లో ఇంకోటి దూరిపోతుంది. అదే ఇప్పుడందరూ అనే బ్లూ మూన్.

మీరు చెప్పిన 2023నే తీసుకుందాం. మన టైం ప్రకారం ఆగస్టు 2 అర్ధరాత్రి దాటగానే ఒక పౌర్ణమి నిండింది, అది అధిక శ్రావణ పౌర్ణమి. రెండోది ఆగస్టు 31 పొద్దున నిండింది, అది నిజ శ్రావణ పౌర్ణమి, అందుకే ఆ ఏడాది రాఖీ 30న కట్టాలా 31న కట్టాలా అని ఇళ్లల్లో అంత చర్చ జరిగింది. 2020లోనూ ఇదే తీరు, అక్టోబర్ 2 తెల్లవారుజామున అధిక ఆశ్వయుజ పౌర్ణమి, 31న నిజ ఆశ్వయుజ పౌర్ణమి. 2026లో చూడండి, మే 1న వైశాఖ పౌర్ణమి, మే 31న అధిక జ్యేష్ఠ పౌర్ణమి, ఒక్క మే నెలలోనే రెండూ.

అయితే ప్రతిసారీ ఇలా కలిసిరావు. 2018లో జనవరి 31న ఒక బ్లూ మూన్, ఆ సాయంత్రమే సంపూర్ణ చంద్రగ్రహణం కూడా, మళ్లీ మార్చి 31న ఇంకో బ్లూ మూన్. మధ్యలో ఫిబ్రవరికి అసలు పౌర్ణమే దక్కలేదు. ఫిబ్రవరికి 28 రోజులు, మహా అయితే 29, అందులో రెండు పౌర్ణమిలు పట్టే ప్రశ్నే లేదు, అప్పుడప్పుడు ఒకటి కూడా పట్టదు. మరి ఆ ఏడాది మన అధిక జ్యేష్ఠం ఎప్పుడొచ్చింది, మే, జూన్‌లలో. అంటే మూలం ఒకటే అయినా తారీఖులు ఎవరి దారిన వాళ్లవి.

మీలాంటివాళ్లకి నచ్చే లెక్క ఇంకోటుంది. 19 సూర్య సంవత్సరాల్లో దాదాపు 235 చాంద్రమాసాలు పడతాయి. 19 ఏళ్లకి ఇంగ్లీషు నెలలు 228. మిగిలినవి ఏడు. మన పంచాంగంలో ఆ 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలొస్తాయి, బ్లూ మూన్లు కూడా ఏడుకి దగ్గర్లోనే ఉంటాయి, ఫిబ్రవరి ఖాళీగా పోతే ఇంకోటి కలుస్తుంది. మనవళ్లుంటే ఒక ఆదివారం నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియంకి తీసుకెళ్లి చూపించండి, ఈ లెక్క పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

ఈ రెండో పౌర్ణమి అనే అర్థం ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో రైతుల కోసం అచ్చువేసే ఒక పంచాంగం ఉండేది. అందులో పద్ధతి వేరే, వాళ్లకి ఏడాదికి నాలుగే ఋతువులు కాబట్టి ఒక ఋతువుకి మామూలుగా మూడు పౌర్ణమిలు, ఎప్పుడైనా నాలుగు పడితే వాటిలో మూడోదాన్ని బ్లూ మూన్ అనేవారు. 1946లో స్కై అండ్ టెలిస్కోప్ అనే ఖగోళ పత్రికలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే ఆయన దాన్ని సరిగా అర్థం చేసుకోక, ఒక నెలలో రెండో పౌర్ణమి అని రాసేశాడు. అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు, 1980లో ఒక అమెరికా రేడియో ప్రోగ్రామ్‌లో వచ్చింది, 1986లో ట్రివియల్ పర్స్యూట్ అనే ఆటలో ప్రశ్నగా వచ్చింది, ఇక దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. 1999లో ఆ పత్రికే పాత కాపీలన్నీ తిరగేసి, ఇది మా దగ్గర జరిగిన పొరపాటే అని వివరంగా రాసింది. ఆ మాట చెప్పినందుకు ఆ పత్రికంటే నాకు చాలా గౌరవం. పాత పద్ధతి ప్రకారం 2024 ఆగస్టు 19, మన రాఖీ పౌర్ణమి రోజే, బ్లూ మూన్ అయింది, ఆ నెలలో చూస్తే ఉన్నది ఒక్కటే పౌర్ణమి. ఇప్పుడు రెండు అర్థాలూ చెలామణిలో ఉన్నాయి, ఏదీ తప్పని కొట్టేయలేం.

ప్రశ్న: బ్లూ మూన్ రోజు డాబా ఎక్కి అర్ధరాత్రి దాకా చూసినం అన్నా, చంద్రుడు ఎప్పటిలెక్కనే ఉన్నడు. నిజంగా నీలం రంగులోకి ఎప్పుడన్నా మారుతడా?
– దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఇంటర్ స్టూడెంట్

జవాబు: మారతాడు తమ్ముడూ, కాకపోతే దానికి తారీఖుతో సంబంధం లేదు, గాలిలో ఏముంది అన్నదే లెక్క. పొగలోనో బూడిదలోనో ఉండే రేణువులు దాదాపు అన్నీ ఒకే సైజులో, ఎరుపు కాంతి తరంగం పొడవుకంటే కొంచెం పెద్దగా ఉంటే, అవి ఎరుపుని చెదరగొట్టేసి నీలాన్ని మన దాకా రానిస్తాయి. మామూలు దుమ్ములో అన్ని సైజులూ కలిసి ఉంటాయి కాబట్టి అలా జరగదు. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చాలా దేశాల్లో చంద్రుడు నీలంగా, ఆకుపచ్చగా కనిపించాడు. 1950 సెప్టెంబర్‌లో కెనడా అడవులు తగలబడితే ఆ పొగ సముద్రం దాటి బ్రిటన్ దాకా వచ్చి అక్కడ సూర్యుడూ చంద్రుడూ నీలంగా కనపడ్డారు. మరి 1528 నాటి మాట ఇలాంటిది చూసే పుట్టిందా అని అడుగుతావేమో, ఆ పద్యంలో నీలి చంద్రుడు అబద్ధానికే ఉదాహరణ, ఎవరో చూసిన దృశ్యం కాదు.

ప్రశ్న: మా ఏరియాలో చాన్నాళ్లకి కనిపించిన దోస్తుని ‘క్యా మియా, ఈద్ కా చాంద్ హో గయే’ అంటాం. తెలుగులో అయితే నల్లపూసైపోయావ్ అంటాం. మా ఆఫీసులో ఒక ఫారినర్ మేడమ్ రెండు నెలల తర్వాత వస్తే నేను ‘యూ హావ్ బికమ్ ఎ బ్లూ మూన్’ అన్నా. ఆమెకి అర్థం కాలేదు. చంద్రుడే కదా ఇక్కడా అక్కడా, ఎక్కడ తేడా కొట్టింది?
– మలక్‌పేట నుంచి ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి

జవాబు: మీరు పట్టుకున్న పోలిక బాగుంది, ఇంగ్లీషు అలవాటు వేరు, అంతే. ఉర్దూలో, తెలుగులో ఆ మాట మనిషికి తగులుతుంది. ‘నువ్వే ఈద్ చంద్రుడివైపోయావ్’, ‘నువ్వే నల్లపూసవైపోయావ్’ అని ఎదురుగా నిలబడి అంటాం. ఇంగ్లీషులో బ్లూ మూన్ ఎప్పుడూ పనికి తగులుతుంది, మనిషికి తగలదు. వెళ్లడం, రావడం, తినడం, ఫోన్ చెయ్యడం, ఇలా ఏదో ఒక క్రియ ఉండాలి, అది ఎంత అరుదుగా జరుగుతుందో చెప్పడానికి చివర్లో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ వస్తుంది. ‘షి కమ్స్ టు ది ఆఫీస్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే సరిగ్గా ఉంటుంది, అది కూడా ఆమె లేనప్పుడు వేరేవాళ్లతో అనే మాట, కాస్త పుల్లవిరుపుగా కూడా వినిపించొచ్చు, జాగ్రత్త.

భావంలో కూడా పెద్ద తేడా ఉంది. ఈద్ చంద్రుడంటే నెలంతా రోజాలు, అంటే ఉపవాసాలు, ఉండి, ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం డాబాల మీద నిలబడి పడమటి దిక్కు చూస్తూ, కనపడగానే ఒకళ్లనొకళ్లు వాటేసుకునే చంద్రుడు. అందుకే దోస్తుని ఆ మాట అంటే అందులో ఎదురుచూపుంది, ప్రేమ ఉంది, ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి చాయ్ తాగించే చనువుంది. బ్లూ మూన్ కోసం ఎవరూ ఎదురుచూడరు, అందులో ఉన్నది అరుదు అన్న ఒక్క ముక్కే. మీ మేడమ్‌తో అదే చనువుతో అనాలంటే ఇంగ్లీషులో దానికి వేరే మాటుంది, ‘హలో, స్ట్రేంజర్!’ అంటారు, నవ్వుతూ. పరాయిదానివైపోయావే అని నిష్ఠూరం, మళ్లీ కనపడ్డావని సంతోషం, రెండూ అందులో ఉంటాయి. బాగా పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో అనకండి, వాళ్లతో ‘ఇట్స్ గుడ్ టు సీ యూ ఆఫ్టర్ సో లాంగ్’ సరిపోతుంది.

మరి బ్లూ మూన్‌కి మన భాషలో దగ్గరి చుట్టం ఏదంటే ‘అమాసకో పున్నానికో’. అది కూడా క్రియకే తగులుతుంది చూడండి, ‘అమాసకో పున్నానికో ఓసారి వచ్చిపోతాడు’ అంటాం. పుష్కరానికోసారి అన్నామంటే ఇంకా ఘాటు, పన్నెండేళ్లు కదా.

ప్రశ్న: మా మామగారు న్యూజెర్సీలో మా దగ్గరికొచ్చినప్పుడు చెకప్‌కి తీసుకెళ్లాం. డాక్టర్ ‘హౌ ఆఫెన్ డు యూ గెట్ దిస్ చెస్ట్ పెయిన్?’ అంటే ఆయన ఠకీమని ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అన్నారు. డాక్టర్ నవ్వి ఇంకో ప్రశ్నకి వెళ్లిపోయింది. ఇప్పుడు హైదరాబాద్ వచ్చేశాం. ఆయన ఇంగ్లీషు కరెక్టేనా అని ఇంట్లో వాదన జరుగుతోంది.
– ఉప్పల్ నుంచి ఒక కోడలు

జవాబు: అమ్మా, ఇంగ్లీషు నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ చెప్పిన చోటు మాత్రం కరెక్ట్ కాదు, ఈ ఒక్కటీ మీ మామగారికి దగ్గర కూర్చుని చెప్పండి ప్లీజ్. గుండెలో నొప్పి గురించి డాక్టర్ ‘హౌ ఆఫెన్’ అని అడిగితే ఆమెకి కావాల్సింది అంకె. వారానికి ఎన్నిసార్లు, మెట్లెక్కుతుంటే వస్తోందా ఊరికే కూర్చున్నప్పుడు వస్తోందా, ఎన్ని నిమిషాలుంటోంది, ఎడమ చేతిలోకో దవడలోకో పాకుతోందా, ఈ మధ్య ఎక్కువైందా. బ్లూ మూన్ అనగానే ‘ఏం లేదులెండి’ అన్నట్టు వినిపిస్తుంది, మన పెద్దవాళ్లు పిల్లలు కంగారు పడతారని నొప్పిని తగ్గించి చెప్పడం మనకి తెలిసిందే. సిగరెట్, మందు గురించి ఫారంలో అడిగినప్పుడు కూడా ఇంతే, ‘టూ ఆర్ త్రీ టైమ్స్ ఎ ఇయర్’ అని రాయాలి. వాదన పక్కనపెట్టి ఈ వారంలోనే ఆయన్ని ఇక్కడి డాక్టర్‌కి ఒకసారి చూపించండి, ఎప్పుడెప్పుడు వచ్చిందో తారీఖులతో చీటీ రాసి పట్టుకెళ్లండి.

ప్రశ్న: నేను అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్నా. ఇడియమ్స్ లిస్ట్ ఇచ్చి స్పీకింగ్‌లో రైటింగ్‌లో రెండిట్లో వాడమన్నారు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ మొదటిదే. వాడితే మార్కులు పెరుగుతాయా?
– ఒక విద్యార్థి

జవాబు: స్పీకింగ్‌లో పెరగొచ్చు, రైటింగ్ ఎస్సేలో తగ్గే అవకాశం ఉంది. స్పీకింగ్‌లో బ్యాండ్ 7 స్కోరుకి పెట్టుకున్న కొలతల్లో జాతీయాలు, అంతగా వాడుకలో లేని మాటలు కొన్ని వాడగలగాలి అని ఉంటుంది, అది నిజం. కానీ బట్టీపట్టి తెచ్చి తగిలించినట్టుంటే ఎగ్జామినర్‌కి వెంటనే తెలిసిపోతుంది, వాళ్లు రోజంతా అవే లిస్టులు వింటుంటారు. ‘హౌ ఆఫెన్ డు యూ రీడ్ న్యూస్‌పేపర్స్?’ అని అడిగారనుకోండి, ‘ఐ రీడ్ న్యూస్‌పేపర్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని ఆపేస్తే అది లిస్టులోంచి ఊడిపడినట్టుంటుంది. అదే ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, టు బి ఆనెస్ట్. ఐ గెట్ మోస్ట్ ఆఫ్ మై న్యూస్ ఆన్ మై ఫోన్, యూజువల్లీ ఆన్ ది మెట్రో’ అన్నారంటే మీ జీవితం అందులో కనపడుతుంది, తర్వాతి ప్రశ్నకి దారి కూడా దొరుకుతుంది. పది నిమిషాలు దాటే ఇంటర్వ్యూలో దీన్ని ఒక్కసారే వాడండి, నిజంగా అరుదుగా చేసే పనికే వాడండి. ప్రతి ఆదివారం సినిమాకెళ్తా అని చెప్పి రెండు నిమిషాలయ్యాక సినిమాలు వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే మొత్తం చెడుతుంది.

ఎస్సేలో వద్దనడానికి కారణం, ఇది మాట్లాడుకునే భాష. ఎస్సే అంటే ప్యాంటూ షర్టూ టక్ చేసుకుని వెళ్లే చోటు లాంటిది. అక్కడ ‘రేర్లీ’, ‘సెల్డమ్’ పెట్టండి, అవి క్రియకి ముందొస్తాయి, ‘యంగ్ పీపుల్ సెల్డమ్ రీడ్ న్యూస్‌పేపర్స్’ అన్నట్టు. బ్లూ మూన్ అలా మధ్యలో ఇమడదు, చివర్లోనో, లేదా నొక్కి చెప్పాలంటే వాక్యం మొదట్లోనో రావాలి. ఇంకోటి, ‘ఇట్స్ ఎ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ ఆపర్చ్యునిటీ’ అని చాలామంది రాస్తున్నారు, దానికంటే ‘రేర్ ఆపర్చ్యునిటీ’ మంచిది, జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశమైతే ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ అనే వేరే మాట ఉండనే ఉంది. ‘వన్స్ ఇన్ ఎ వైల్’తో కూడా కలపకండి, అది అప్పుడప్పుడు అని, బ్లూ మూన్ కంటే చాలా తరచు. నెలకోసారి బిర్యానీ తింటే ‘వన్స్ ఇన్ ఎ వైల్’, ఏడాదికోసారి తింటే బ్లూ మూన్, అయినా హైదరాబాద్‌లో ఉండి ఏడాదికోసారి ఎవరు తింటారు లెండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి ‘యూ కాల్ మి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని మెసేజ్ పెట్టా. అది బాధపడింది. తప్పుగా రాశానా?
– ఒక తల్లి, ఎల్బీనగర్

జవాబు: తప్పేం రాయలేదండీ, వాక్యం చక్కగా ఉంది. కాకపోతే ఎదుటివాళ్ల గురించి ‘నువ్వు’ అని మొదలుపెట్టి ఈ మాట వాడితే అది ఫిర్యాదు అయిపోతుంది, వాళ్లు వారానికోసారి చేస్తున్నా సరే. తన గురించి తాను అంటే చిన్న సంజాయిషీలా ఉంటుంది, ‘ఐ కాల్ హోమ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, ఐ నో, సారీ’ అన్నట్టు. మీ మనసులో ఉన్నది తనని చూడాలని, గొంతు వినాలని. అది తెలుగులో రాయండి. ‘ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటా, వీడియో కాల్ చెయ్యి బంగారం’ అంటే ఆ పిల్ల చెయ్యకుండా ఉంటుందా.

ప్రశ్న: ‘వన్స్ ఇన్ బ్లూ మూన్’ అనాలా ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనాలా? ‘ది’ పెట్టొచ్చా?
– నాచారం, సఫిల్‌గూడ, మెహదీపట్నం నుంచి పాఠకులు

జవాబు: ‘ఎ’ ఉండి తీరాలి. మనం మాట్లాడే స్పీడులో అది మింగేస్తాం, అందుకే రాసేటప్పుడు కూడా ఎగిరిపోతోంది. ‘ది’ పెట్టకూడదు, బ్లూ మూన్స్ అని బహువచనం చెయ్యకూడదు. ముందు ‘ఓన్లీ’ పెట్టుకోవచ్చు, ‘వెరీ’ పెట్టకూడదు. ‘నెవర్’, ‘ఆల్వేస్’ ఉన్న వాక్యంలో దీన్ని తేవద్దు. ‘వన్స్’ స్పెల్లింగ్‌లో సి, ఇ రావాలి, ఒకట్లు అనే అర్థం వచ్చే ‘వన్స్’ స్పెల్లింగ్ ఇక్కడ చాలామంది రాస్తున్నారు, ఫోన్ కీబోర్డు కూడా దాన్ని దిద్దదు. జరిగిపోయినవాటికి భూతకాలంలో కూడా బాగుంటుంది: ‘మై గ్రాండ్‌ఫాదర్ కేమ్ టు ది సిటీ ఓన్లీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.’